చిన్నమ్మ టాబ్‌లో జాగా ఎవరు తిన్నారు?

“నేనేం పెట్టిన బిడ్డా అండ్ల? రోజుకు పది ఫొటోలు తీసేస్తనే ఉన్న. అయినా నిండింది, నిండింది అనే అంటది.”

ఎల్లారెడ్డి నుంచి చిన్నమ్మ ఫోన్. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. గొడవంతా టాబ్ గురించే. స్టోరేజ్ నిండిందని రోజూ ఒకటే మెసేజ్. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు తెరుచుకోవడం లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. కెమెరా నొక్కితే ఫొటో పడటం లేదు. నాలుగు రోజుల కింద పనిమీద కామారెడ్డికి వచ్చినప్పుడు ఒక మొబైల్ దుకాణంలో చూపించిందట. అతను అరనిమిషం చూసి, “మొత్తం ఫార్మాట్ కొట్టాలె అమ్మా. 300 అయితది, సాయంత్రం రా” అన్నాడట.

“ఫార్మాట్ అంటే?”

“అండ్ల ఉన్నయన్నీ పోతయి. కొత్తదాని లెక్కయితది.”

చిన్నమ్మ ఇంకో మాట మాట్లాడకుండా టాబ్ సంచిలో పెట్టుకుని బస్సెక్కేసింది.

ఎందుకంటే అందులో చిన్నాయన గొంతు ఉంది. ఆయన 14 ఏళ్లు గల్ఫ్‌లో పనిచేశాడు. మా వైపు ఊళ్లలో ఇది కొత్త ముచ్చట కాదు, వాడకు నలుగురైదుగురు అక్కడే ఉంటారు. ఆయనకు ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం రాదు, నేర్చుకోలేదు. డ్యూటీ దిగి కంపెనీ బస్సులో రూముకు పోతూ వాట్సాప్‌లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడేవాడు. 2022లో తిరిగొచ్చాడు. ఆ మరుసటి ఏడే గుండెపోటుతో పోయాడు. ఫొటోలు ఇంట్లో గోడకు కూడా ఉన్నాయి. గొంతు మాత్రం ఆ టాబ్‌లోనే ఉంది.

ఆదివారం ల్యాప్‌టాప్, ఒక కేబుల్ బ్యాగులో వేసుకుని కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాను. నేనేమీ మొబైల్ మెకానిక్‌ను కాదు. కాకపోతే చుట్టాల్లో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే వస్తుంది. మీ ఇంట్లోనూ అలాంటివాడు ఒకడుంటాడు. ఉంటే ఈ వ్యాసం అతనికి పంపండి. లేకపోతే మీరే చదవండి, పెద్ద విద్యేం కాదు.

ముందు కాపీ, తర్వాతే కత్తెర

టాబ్ చేతికి రాగానే అందరం చేసే పని, కనిపించినదల్లా తీసేయడం మొదలుపెట్టడం. అలా చేయకూడదు. పోగొట్టుకోకూడనిది ఏదో ముందు అడగాలి, దాన్ని టాబ్ బయటకు తీసుకెళ్లి భద్రం చేయాలి. ఆ తర్వాతే మిగతాది.

చిన్నమ్మది 2020లో కొన్న టాబ్. సిమ్ వేసుకునే రకం, 32 జీబీ. ఆ ఏడాది సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది గుర్తుంది కదా. బడులు బంద్, పిల్లలు ఇంట్లో. అప్పో సప్పో చేసి చాలా ఇళ్లలో అప్పుడే ఒక టాబో, కొత్త ఫోనో కొన్నారు. తమ్ముడి చదువు కోసం చిన్నాయన అక్కణ్నుంచి డబ్బు పంపితే కొన్నది ఇది. తర్వాత తమ్ముడు ఇంటర్‌కు కామారెడ్డి హాస్టల్‌కు పోయాడు. టాబ్ చిన్నమ్మ చేతికొచ్చింది. ఆమె వాట్సాప్ మొదట్నుంచీ అందులోనే ఉంది.

కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపాను. కలపగానే టాబ్ చార్జింగ్ మాత్రమే చేసుకుంటుంది. పైనుంచి తెర కిందికి లాగితే యూఎస్‌బీ గురించి ఒక వరుస ఉంటుంది, దాన్ని నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. అప్పుడు కంప్యూటర్‌లో టాబ్ ఒక డబ్బాలా తెరుచుకుంటుంది. అందులో ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, దానిలో మీడియా, దానిలో వాట్సాప్ పేరున్నది, ఇంకా లోపలికి పోతే మళ్లీ మీడియా... ఉల్లిగడ్డ పొరల్లా ఉంటాయి. అక్కడ ‘వాట్సాప్ వాయిస్ నోట్స్’ కనిపిస్తుంది. పాత టాబుల్లో అయితే ఇంత తిరగక్కర్లేదు, మొదటి వరుసలోనే వాట్సాప్ ఫోల్డర్ ఉంటుంది. కొన్నిట్లో రెండుచోట్లా ఉంటుంది. ఆండ్రాయిడ్ 11 వచ్చాక చోటు మారింది, పాతది అలాగే మిగిలిపోయి ఉండొచ్చు. రెండూ చూడాలి.

వాయిస్ నోట్స్ లోపల మనుషుల పేర్లుండవు. 202107, 202108 అని అంకెల ఫోల్డర్లుంటాయి. మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, చివరి రెండు ఆ ఏడాదిలో ఎన్నో వారమో. ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది. ఎవరు పంపిందో మాత్రం ఉండదు. చిన్నాయనవి, చిన్నమ్మవి, మా అమ్మవి, ఊళ్లో చీటీల గ్రూపువి అన్నీ కలగలిసి దాదాపు 5 వేల ఫైళ్లు. మొత్తాన్ని ఎత్తి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఒకటి తెరిచి వినిపించాను. ఈ ఫైళ్లు కంప్యూటర్‌లో పాట పాడినంత సులువుగా తెరుచుకోకపోవచ్చు, వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే వినిపిస్తాయి.

“మోటర్ బంద్ చేసినవా? లేకపోతే రాత్రంతా నడుస్తది అది.”

అంతే ఉంది అందులో. ఏడు సెకన్లు. చిన్నమ్మ వంటింట్లోకి పోయింది చాయ్ పెట్టడానికి. నేను లెక్క చూస్తూ కూర్చున్నాను.

ఆ లెక్క చూసి నాకే నవ్వొచ్చింది. 5 వేల మాటలూ కలిపి 210 ఎంబీ. గంటల్లో చూస్తే పాతిక గంటలకు పైగా మాట్లాడిన మాటలు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ను బాగా కుదించి పంపుతుంది, నిమిషానికి నూరు, నూటిరవై కేబీ మించదు. అదే గ్రూపులో ఎవరో తోసిన 16 ఎంబీ వీడియో ఒక్కటి తీస్తే రెండు గంటల గొంతుకు జాగా వస్తుంది. పదిహేను రోజులుగా చిన్నమ్మ, ‘ఇవి ఉన్నందుకే నిండిందేమో’ అని లోలోపల కుములుతోందట. ఒక రాత్రి కొన్ని తీసేద్దామని కూడా అనుకుందట. 32 జీబీలో అవి నూటికి ఒక్క వంతు కూడా లేవు.

32 అంటే 32 కాదు

మరి తిన్నదెవరు? అది తెలియాలంటే ముందు డబ్బా అసలు సైజు తెలియాలి.

ఎల్లారెడ్డి వాళ్లకు ఇది నిజాంసాగర్ లెక్కతో చెబితే చప్పున ఎక్కుతుంది. 1931లో మంజీరా మీద ఆ ప్రాజెక్టు పూర్తయినప్పుడు దాని సామర్థ్యం 29.7 టీఎంసీలు. ఏళ్లు గడిచేకొద్దీ పూడిక చేరి 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. తర్వాత నీటిమట్టం పెంచి ఇప్పటి 17.8 టీఎంసీలకు తెచ్చారు. పైనుంచి చూస్తే అదే చెరువు, అదే కట్ట. కింద ఉన్న మట్టి ఎవరికీ కనబడదు. టాబ్ కూడా అంతే, కాకపోతే దీనికి పుట్టుకతోనే కొంత పూడిక ఉంటుంది.

డబ్బా మీద 32 జీబీ అని రాసేటప్పుడు కంపెనీ ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లుగా లెక్కేస్తుంది. కంప్యూటర్ల పాత పద్ధతిలో ఒక జీబీ అంటే 107 కోట్లకు పైనే. పెద్ద కుంచంతో కొలిస్తే ధాన్యం తక్కువొచ్చినట్టు, ఆ 32 కాస్తా 29.8 అవుతుంది. మోసం అనలేం, కొలపాత్ర వేరు. దాని మీద ఆండ్రాయిడ్, కంపెనీ తనంతట తాను పెట్టిన యాప్‌లు. మనం ఒక్క ఫొటో తీయకముందే మూడో వంతు పోతుంది. సెట్టింగ్స్‌లో చాలా టాబ్‌లు ఈ తేడానంతా కలిపి ‘సిస్టమ్’ అని ఒకే వరుసలో చూపిస్తాయి.

కాబట్టి ‘సిస్టమ్’ ఎక్కువుందని కంగారు పడొద్దు. 32 జీబీ టాబ్‌లో 11, 12 జీబీ ఉంటే మామూలే.

చిన్నమ్మ టాబ్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ తెరిచి కాగితం మీద రాసుకున్నాను. యాప్‌లు 6.8, వీడియోలు 2.6, ఫొటోలు 2.1, ఆడియో 0.7, ఇతరాలు 1.2. ఖాళీ 0.4. సిస్టమ్... 18.2.

పద్దెనిమిది! నాకూ కొంచెం చెమట పట్టింది. ఆరు జీబీల లెక్క ఎక్కడుందో అర్థం కాలేదు. ‘తర్వాత చూద్దాం, ముందు కళ్లకు కనబడేవి తీద్దాం’ అనుకున్నాను.

తీసినా పోనివి

రోజుకు పది ఫొటోలు తీసేస్తున్నానని చిన్నమ్మ చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆమె తీసినవేవీ పోలేదు. గ్యాలరీలో ‘డిలీట్’ కొడితే ఫొటో చెత్తబుట్టలోకి పోతుంది. ఆ బుట్ట కూడా ఇంట్లోనే ఉంటుంది కదా! చాలా గ్యాలరీల్లో 30 రోజులు అలాగే దాచిపెడతాయి. గూగుల్ ఫొటోస్‌లో అయితే బ్యాకప్ అయినవాటిని 60 రోజులు. పొరపాటున తీస్తే మళ్లీ తెచ్చుకోవడానికని పెట్టిన సౌకర్యం అది. జాగా లేక అల్లాడేవాళ్లకు మాత్రం ఇదే శాపం. బుట్ట ఒక్కటి కాదు కూడా. గ్యాలరీకి ఒకటి, ఫైల్స్ యాప్‌కు ఒకటి, గూగుల్ ఫొటోస్‌కు ఒకటి. మూడూ తెరిచి, చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, ఆమె సరేనన్నాక ఖాళీ చేశాను. 1.4 జీబీ వచ్చింది.

తర్వాత యాప్‌లు. స్టోరేజ్‌లో ‘యాప్స్’ నొక్కి, సైజు ప్రకారం పేర్చమంటే యూట్యూబ్ అన్నిటికన్నా పైకొచ్చింది. యూట్యూబ్‌లో వీడియోలు చూస్తే జాగా పోదు, డౌన్‌లోడ్ నొక్కితే పోతుంది. అలా దాచినవి గ్యాలరీలో కనబడవు, ఫైళ్లలో కనబడవు, యాప్ కడుపులోనే ఉంటాయి. తెరిచి చూస్తే రెండేళ్ల బతుకమ్మ పాటలు, గోంగూర నిల్వ పచ్చడి, ఒక డాక్టరుగారి మోకాళ్ల నొప్పుల ఉపన్యాసం మూడు భాగాలు. కొన్ని ఇంటర్నెట్ లేక కాలం తీరి ఆడటం కూడా లేదు, జాగా మాత్రం వదల్లేదు. “పాటలు ఉంచు, మోకాళ్లు తీసెయ్” అంది. చివరికి పాటలు కూడా తీసేశాం. వైఫై ఉన్నప్పుడు మళ్లీ వేసుకోవచ్చని ఒప్పించేసరికి పది నిమిషాలు పట్టింది. 1.9 జీబీ.

ఇక వాట్సాప్. ఇందులో చెత్త చేరినంత మరెక్కడా చేరదు. సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’. అక్కడ 5 ఎంబీ మించినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరువేరు కుప్పలుగా పోసి పెడుతుంది. కింద ఏ చాట్ ఎంత తిందో వరుసగా ఉంటుంది. మొదటి స్థానంలో కుల సంఘం గ్రూపు, రెండోది చీరల వ్యాపారం గ్రూపు. గుడ్ మార్నింగ్ పూలు, దేవుళ్లు, రాజకీయ నాయకుల ప్రసంగాలు. ఒకే వీడియో నాలుగు గ్రూపుల్లోంచి నాలుగుసార్లు దిగింది. మనం ఎవరికైనా పంపినవాటికి ‘సెంట్’ అనే ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉంటుంది, అంటే కెమెరాతో తీసిన వీడియో పంపితే ఇంట్లో రెండు వీడియోలు. కేబుల్ కలిపే ఉంది కాబట్టి అదీ చూశాను. డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో మన మెసేజ్‌ల రోజువారీ కాపీలు వారానికి సరిపడా ఉంటాయి. వాటిని నేను ముట్టలేదు. అన్నీ కలిపి 1.8 జీబీ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వాట్సాప్ యాప్ సమాచారంలోకి పోతే రెండు మీటలుంటాయి. ‘క్లియర్ క్యాష్’ కొడితే ఏమీ కాదు, తాత్కాలికంగా దాచుకున్నవి పోతాయి, మళ్లీ పేరుకుంటాయి. ‘క్లియర్ డేటా’ కొడితే చాట్‌లన్నీ పోతాయి. రెండూ పక్కపక్కనే ఉంటాయి, తొందరలో వేలు జారితే అంతే సంగతులు. అలాగే వాట్సాప్‌ను తీసేసి మళ్లీ వేస్తే తేలికవుతుందని ఎవరైనా చెబితే వినకండి. కొత్త ఆండ్రాయిడ్‌లలో యాప్‌తో పాటు ఆ వాయిస్ నోట్స్ ఫోల్డర్ కూడా కొట్టుకుపోతుంది. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కదా అంటారా? అది చివరిసారి ఎప్పుడు అయిందో ముందు చూసుకోండి. ఒకప్పుడు ఆ బ్యాకప్‌కు లెక్క లేదు, ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీల్లోనే అదీ కలుస్తుంది. ఆ 15 నిండితే బ్యాకప్ చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. చిన్నమ్మది ఆగిపోయి ఏడు నెలలైంది.

మనిషి బొమ్మ

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. 5.5 జీబీ ఖాళీ. దుకాణం అతను అడిగిన 300 మిగిలాయి. అక్కడితో ఆపి బస్సెక్కేయొచ్చు. కానీ ఆ 18.2 నన్ను వదలడం లేదు.

సిస్టమ్ అప్‌డేట్ ఏదైనా సగం దిగి కూర్చుందేమో చూశాను. కొన్నిసార్లు అప్‌డేట్ దిగి, టాబ్ ఆపి మళ్లీ వేసేదాకా ఒకటి రెండు జీబీలు పట్టుకుని ఉంటుంది. లేదు. టాబ్ ఆపి వేశాను. మారలేదు. కంప్యూటర్‌లోంచి ఫోల్డర్లన్నీ కూడాను. కనబడే ఫైళ్ల లెక్క సరిపోయింది, కనబడనిదే ఆరు జీబీలు. ఫైళ్లలో లేదు, యాప్‌లలో లేదు. ఇంకెక్కడ ఉంటుంది?

టైమెంతయిందో చూద్దామని టాబ్ పైనుంచి తెర కిందికి లాగాను. మూలన చిన్న గుండ్రటి బొమ్మ. మనిషి తల, భుజాలు.

“చిన్నమ్మా, ఇదేంది?”

“గదా? గది ఎప్పట్నుంచో ఉంటది. టాబ్‌తోనే వచ్చిందనుకున్న.”

నొక్కాను. రెండు పేర్లు. ఒకటి చిన్నమ్మది. రెండోది ‘ఆన్‌లైన్ క్లాస్’.

టాబ్‌ల గురించి చాలామందికి తెలియనిది ఇది. టాబ్ అంటే ఇంటిల్లిపాదీ వాడేది అన్న ఉద్దేశంతో ఆండ్రాయిడ్ టాబ్‌లలో ఒకరికి మించి ‘యూజర్లు’ ఉండే ఏర్పాటు పెట్టారు. ఒకే ఇంట్లో రెండు పోర్షన్లలాగా. ఎవరి తాళం వాళ్లది, ఎవరి యాప్‌లు, ఫొటోలు, ఆటలు వాళ్లవి. ఈ పోర్షన్‌లో ఉన్నవాళ్లకు ఆ పోర్షన్‌లో సామాను కనబడదు. కంప్యూటర్‌కు కలిపినా తెరిచి ఉన్న పోర్షనే కనబడుతుంది. కానీ స్థలం ఒక్కటే! కొన్ని టాబుల్లో స్టోరేజ్ లెక్కల్లో ‘అదర్ యూజర్స్’ అని విడిగా చూపిస్తుంది. ఈ టాబ్‌లో అదీ లేదు, మొత్తం తీసుకెళ్లి ‘సిస్టమ్’లో కలిపేసింది. నేను సిస్టమ్‌ను అనుమానిస్తూ పొద్దంతా గడిపాను.

యజమాని పోర్షన్ నుంచి రెండోదాన్ని ఒక్క మీటతో తీసేయొచ్చు, దాని తాళం కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ కింద గానీ ‘అకౌంట్స్’ కింద గానీ ‘యూజర్స్’ లేదా ‘మల్టిపుల్ యూజర్స్’ అని ఉంటుంది. కానీ తీస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, దానికి చెత్తబుట్ట కూడా లేదు. పొద్దున చిన్నమ్మను అడిగి తీసినవాణ్ని ఇప్పుడు తమ్ముణ్ని అడక్కుండా ఎలా తీస్తాను? హాస్టల్‌కు ఫోన్ చేశాను. చిన్నమ్మ పక్కనే ఉందని చెప్పకుండా స్పీకర్ పెట్టడం నా తప్పే.

“ఒరేయ్, ఈ ‘ఆన్‌లైన్ క్లాస్’ ఏందిరా?”

అవతల కాసేపు చప్పుడు లేదు.

“అన్నా... అమ్మ ఉన్నదా అక్కడ?”

సంగతేంటంటే 2020లో క్లాసులు మొదలైన కొత్తలో దోస్తు ఎవడో నేర్పాడట. పాఠాలకు వేరే పోర్షన్ పెట్టుకుంటే అమ్మ వాట్సాప్ మోతలు మధ్యలో రావని. మంచి ఆలోచనే. నెల తిరక్కుండా ఆ పోర్షన్‌లోకి ఒక తుపాకులాట చేరింది. విచిత్రం చూడండి, ఆ పాఠాలు సెప్టెంబరు 1న మొదలైతే మర్నాడు, 2న, కేంద్రం పబ్జీని నిషేధించింది. దేశమంతా పిల్లలు పబ్జీ పోయిందని ఏడుస్తుంటే ఆ బాపతు ఆటలు ఇంకో పదీ వాళ్ల చేతుల్లోకొచ్చాయి. ఇలాంటి ఆటలు ప్లే స్టోర్‌లో చూసేటప్పుడు చిన్నవే. తెరిచాక మ్యాపులని, బొమ్మలని ఒక్కొక్కటీ దించుకుంటూ జీబీల్లోకి పోతాయి. తమ్ముడు చెప్పిన నంబరు కొట్టి లోపలికి పోయాను. ఆట, దాని సరంజామా మూడున్నర జీబీ. ఇంకో రెండు ఆటలు. క్లాసు వీడియోలు కొన్ని. హోంవర్కు పుస్తకాల ఫొటోలు నాలుగు వందలు.

“ఫొటోలు ఏమన్నా కావాల్నా?”

“వద్దన్నా, అన్నీ తీసెయ్. గేమ్ ముచ్చట అమ్మకు చెప్పకు.”

“నాకు తెల్వదారా?” అంది చిన్నమ్మ పక్కనుంచి. “రాత్రి దుప్పట్ల వెలుగు కనవడకపోతుండెనా?”

ఫోన్ కట్ అయింది. తర్వాత వాడే మళ్లీ చేసి, అందులో ఒక ఫొటో మాత్రం కావాలన్నాడు. ఎయిర్‌పోర్టులో చిన్నాయనను దించడానికి పోయినప్పటిది. హోంవర్కు ఫొటోల మధ్యలో ఉంది, మూడు వందల చిల్లర తర్వాత. నాలుగు వందలూ తీసేయమని వాడు అన్నప్పుడు నేను మాట విని ఉంటే పోయేది. దాన్ని వాడికి పంపి, చిన్నమ్మకు పంపి, ల్యాప్‌టాప్‌లో పెట్టాక యూజర్‌ను తీసేశాను. 6.3 జీబీ. సిస్టమ్ 11.9కి దిగింది. ఖాళీ 11.8.

మెమొరీ కార్డు ముచ్చట

“ఒక పెద్ద కార్డు కొని ఏస్తే అయిపోతుండె కదా” అని పక్కింటాయన అన్నాడు. వేయొచ్చు. కానీ టాబ్‌లో జాగా తినే యాప్‌లు చాలావరకు కార్డులోకి పోవు, ఫొటోలు, వీడియోలు మాత్రమే పోతాయి. రెండోది, సంతల్లో, ఆన్‌లైన్‌లో 1 టీబీ కార్డు మూడు నాలుగు వందలకే దొరుకుతోంది. అంత చవగ్గా నిజమైనది రాదు. లోపల 16 జీబీయో 32 జీబీయో పెట్టి, అడిగితే 1000 జీబీ అని చెప్పేలా తయారుచేస్తారు. మనం వేస్తూపోతే తీసుకుంటూనే ఉంటుంది, నిండాక పాతవాటి మీదే రాసేస్తుంది. ఫైలు పేరు కనబడుతుంది, తెరిస్తే ఏమీ ఉండదు. చిన్నాయన గొంతును అలాంటిదానిలో పెట్టి టాబ్‌లోంచి తీసేస్తే? నేనైతే పేరున్న కంపెనీ కార్డు నమ్మకమైన దుకాణంలో కొన్నా సరే, అందులో వేసినవి కంప్యూటర్‌లో తెరిచి వినకుండా అసలువి తీయను.

‘క్లీనర్’, ‘బూస్టర్’ అని వచ్చే యాప్‌ల జోలికి అసలు పోవద్దు. మీ టాబ్‌లో నాలుగు వైరస్‌లున్నాయని ఎర్రగా మెరిసే ప్రకటనలు వాటివే. అవి చేసేది క్యాష్ తుడవడం, ఆ తర్వాత తమ ప్రకటనలతో ఇంకొంత జాగా తినడం. టాబ్‌లో ఉన్న ఫైల్స్ యాప్ చాలు. లేకపోతే గూగుల్ వాళ్ల ‘ఫైల్స్’ ఉచితంగా దొరుకుతుంది.

ఐప్యాడ్ వాళ్లకు పోర్షన్ల బెడద సాధారణంగా ఉండదు. సెట్టింగ్స్, జనరల్, స్టోరేజ్‌లోకి పోతే యాప్‌ల వరుస, కింద ‘సిస్టమ్ డేటా’ ఉంటాయి. వాడని యాప్‌ను ‘ఆఫ్‌లోడ్’ చేస్తే యాప్ పోయి, దాని సమాచారం మిగులుతుంది, మళ్లీ వేసుకోవచ్చు. ఫొటోల్లో ‘రీసెంట్లీ డిలీటెడ్’ అక్కడా 30 రోజుల బుట్టే.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేశాను. ఇక నుంచి చూడాలనుకున్నదే నొక్కితే దిగుతుంది. చిన్నమ్మకు ఇది నచ్చలేదు, “ప్రతిదానికీ నొక్కాల్నా?” అంది. నెలకోసారి మేనేజ్ స్టోరేజ్ తెరిచి చూడటం నేర్పాను. పదో వంతు జాగా, అంటే 3 జీబీ దాకా ఎప్పుడూ ఖాళీ ఉండేలా చూసుకోమన్నాను. అంతకన్నా తగ్గితే టాబ్ నత్తలా నడుస్తుంది.

5 వేల ఫైళ్లలోంచి చిన్నాయనవి వేరుచేయడం మిగిలింది. వాట్సాప్‌లో ఆయన చాట్ తెరిచి ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ కొట్టి, మీడియాతో సహా అంటే ఆ ఒక్క చాట్‌లోని మెసేజ్‌లే బయటికొస్తాయి. మరీ పాతవి అన్నీ రాకపోవచ్చు, దానికో హద్దుంది. అందుకే మొత్తం ఫోల్డర్ కూడా ఉంచాను. ఎక్స్‌పోర్ట్‌కు టాబ్‌లోనే కొంత జాగా కావాలి, పొద్దున 0.4 జీబీ ఉన్నప్పుడు ప్రయత్నిస్తే మధ్యలో ఆగిపోయేది. ఇప్పుడు అయింది. ఒక కాపీ నా ల్యాప్‌టాప్‌లో, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో వేసి చిన్నమ్మ బీరువాలో, మూడోది తమ్ముడి డ్రైవ్‌లో. పాతవి హద్దు దాటినవి తాను వింటూ ఏరుతానన్నాడు తమ్ముడు, సెలవులకు వచ్చినప్పుడు.

బయల్దేరుతుంటే పక్కింటి అంగన్‌వాడీ టీచరమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. పోషణ్ ట్రాకర్‌లో పిల్లల వివరాలు ఎక్కించాలంట, ఫోన్ నిండి యాప్ తెరుచుకోవడం లేదంట, రేపు పొద్దున్నే పైనుంచి అడుగుతారంట. చూస్తే చెత్తబుట్టలోనే రెండు జీబీలున్నాయి. అది ఖాళీ చేసి, ఆమె యాప్ తెరిచి ఒక పేరు ఎక్కించేదాకా ఉండి వచ్చేసరికి కామారెడ్డి బస్సు వెళ్లిపోయింది. చిన్నమ్మ రాత్రికి జొన్నరొట్టె చేసింది.